కొండ మీద పానకం, కొండ కింద మజూరీ

చేతిపనికి ధర చెప్పాల్సి వచ్చినప్పుడు మనసు మాట వినాలా, లెక్కల పుస్తకం మాట వినాలా? కళ్లు మూసుకుని కూర్చుంటే అంకె తెలుస్తుందా? మంగళగిరి మగ్గాల దగ్గర నిలబడి అడగాల్సిన ప్రశ్న ఇది.

మంగళగిరి కొండ మీద పానకాల నరసింహస్వామికి నిలువెత్తు విగ్రహం ఉండదు. ఉన్నదల్లా రాతిలో తెరిచిన నోరు, దాని చుట్టూ లోహపు తొడుగు. అర్చకుడు శంఖంతో బెల్లం పానకం పోస్తుంటే లోపలి నుంచి గుటకలు వేస్తున్నట్టు చప్పుడు వినిపిస్తుంది. కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోతుంది. ఆగిందంటే స్వామికి ఇక చాలన్నమాట. మిగిలిన పానకం ప్రసాదంగా తెచ్చినవాళ్లకే తిరిగొస్తుంది. చెంబుడు తెచ్చినా బిందెడు తెచ్చినా స్వామి పుచ్చుకునేది సగమేనని తరతరాల నమ్మకం.

ఈ కొండకు ఇంకో కథ కూడా ఉంది. కృతయుగంలో స్వామి అమృతం తాగేవాడట. త్రేతాయుగంలో ఆవునెయ్యి, ద్వాపరంలో పాలు, కలియుగంలో పానకం. ఈ వరసను జాగ్రత్తగా గమనిస్తే అందులో ఒక ఔదార్యం కనిపిస్తుంది. యుగం మారేకొద్దీ భక్తుడి దగ్గర ఏముందో చూసి స్వామి తాను అడిగేదాన్ని తగ్గించుకుంటూ వచ్చాడు. బెల్లం ముక్క, మిరియాలు, నీళ్లు ఎవరింట్లోనైనా దొరుకుతాయి. వాటిలోనూ సగం తిరిగిచ్చేస్తాడు.

పుచ్చుకునేవాడు ఎంత పుచ్చుకోవాలి, ఇచ్చేవాడికి ఎంత మిగలాలి? కొండ మీద ఈ లెక్క ఏనాడో తేలిపోయింది. కొండ కింద మాత్రం రోజూ తెగని బేరమే.

కింద లక్ష్మీనరసింహస్వామి ఆలయం ముందు అమరావతి ప్రభువు రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు 1807-09 మధ్య కట్టించిన పదకొండు అంతస్తుల గాలిగోపురం 153 అడుగుల ఎత్తున నిలబడి ఉంటుంది. దాని చుట్టుపక్కల వీధుల్లో గుంట మగ్గాలు. మంగళగిరి చీరకు, బట్టకు 2013లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ చీరను గుర్తుపట్టడం తేలిక. ఒంటి మీద పూలూ బుటాలూ లేని సాదా నేత, గట్టిగా దట్టించిన పేక, నిజాం అంచు పేరుతో ప్రసిద్ధమైన జరీ అంచు. చేత్తో తడిమితే నూలు పలకరిస్తుంది.

ఆ సాదాతనం వెనక ఎంత పని ఉందో చూద్దాం. చిలపల నూలు ఉడకబెట్టాలి. రంగు అద్దాలి. నీడన ఆరబెట్టాలి. ఆసు పోసి పడుగు తయారుచేయాలి. పడుగును వీధి పొడవునా సాగదీసి గంజి పట్టించి సరిచేయాలి. పాత పడుగు చివర్లకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతకాలి. ఇన్నీ అయ్యాక గానీ నేతగాడు గుంటలో కాళ్లు పెట్టడు. నాడె అటూ ఇటూ పరుగెడుతున్నంతసేపూ ఇంటి గడప దగ్గర రాట్నం తిరుగుతూనే ఉంటుంది. అక్కడ కూర్చుని కండెలు చుడుతున్నది నేతగాడి భార్యో, తల్లో, బడి నుంచి వచ్చిన కూతురో. ఆ కండెలు అందకపోతే మగ్గం ఆగిపోతుంది. ఇంత చేస్తున్నా చీర మజూరీలో ఆమె పేరిట విడిగా ఒక్క రూపాయి రాసే ఆనవాయితీ లేదు.

ధర చెప్పేవాళ్లు వేరు. నూలు, జరీ ఇచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ మజూరీ చెబుతాడు. దుకాణదారు చీర ధర చెబుతాడు. సహకార సంఘంలో నేస్తే సంఘం చెబుతుంది. నేసిన చేతికి నోరు తెరిచి అంకె చెప్పే సందర్భమే అరుదు. 2019-20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణనలో దేశం మొత్తం మీద సుమారు 31 లక్షల చేనేత కుటుంబాలు లెక్కకొచ్చాయి. నేత కుటుంబాల్లో మూడింట రెండు వంతుల ఇళ్ల ఆదాయం నెలకు అయిదు వేల రూపాయల లోపే. చేనేతను పొగిడే ఉపన్యాసాలన్నిటి పక్కనా ఈ ఒక్క అంకె రాసిపెట్టుకోవాలి.

కళ్లకద్దుకునే డబ్బు

ధరకూ దైవానికీ మన దగ్గర ఉన్న చుట్టరికం ఈనాటిది కాదు. విజయవాడ వన్‌టౌన్ వస్త్రలతలో గానీ, బీసెంట్ రోడ్డు తోపుడు బండి దగ్గర గానీ పొద్దున్నే మొదటి బేరానికి వెళ్లి చూడండి. లాభం తగ్గినా సరే, బోణీ బేరాన్ని వదులుకోరు. వచ్చిన నోటును కళ్లకద్దుకుని గల్లాపెట్టెకు తాకించి లోపల వేస్తారు. శ్రావణ మాసంలో వరలక్ష్మి పూజ, దసరాకు మగ్గానికి పసుపు కుంకుమలు, దీపావళి నాడు కొత్త ఖాతా పుస్తకం మీద శ్రీకారం. చదివింపుల్లో వంద ఇవ్వరు, నూట పదహార్లు ఇస్తారు. నిజాం రాజ్యంలో చెలామణి అయిన హాలీ సిక్కా రూపాయలు దాదాపు నూట పదహారు పోస్తే గానీ బ్రిటిష్ వాళ్ల వంద రూపాయలు వచ్చేవి కావు. వంద ఇవ్వాలనుకున్నవాళ్లు ఆ లెక్కన నూట పదహారు ఇచ్చారని, అదే శుభసంఖ్యగా స్థిరపడిందని చెబుతారు. మారకపు రేటు కాలక్రమంలో మంగళాచారమైంది.

ఇవన్నీ పుచ్చుకునే పద్ధతులు. అడిగే పద్ధతి మాత్రం మనకు ఎవరూ నేర్పలేదు. పురోహితుడు, వీణ టీచరు, పెళ్లికూతురికి గోరింటాకు పెట్టే అమ్మాయి, జాకెట్టు మీద మగ్గం వర్కు చేసే ఆవిడ... ఎవర్ని ‘ఎంతివ్వమంటారు?’ అని అడిగినా చాలాసార్లు ‘మీ ఇష్టమండీ, మీకు తెలియనిదేముంది’ అనే జవాబే వస్తుంది. అలా అన్నావిడ ఇంటికెళ్లి రాత్రంతా బాధపడుతుంది. ఇచ్చినావిడ ఎక్కువిచ్చానా తక్కువిచ్చానా అని ఆలోచిస్తుంది. ఇద్దరికీ నిద్ర ఉండదు.

ఈ ఇబ్బందికి ఇప్పుడు ప్రపంచమంతటా కొత్త మందు ఒకటి అమ్ముడవుతోంది. ప్రశాంతంగా కూర్చో, శ్వాస గమనించు, నీ పనికి తగిన అంకెలు ఒక్కొక్కటే పైకి చెప్పుకో, ఏ అంకె దగ్గర గుండె బిగుసుకుంటుందో, ఏ అంకె దగ్గర తేలికపడుతుందో చూడు, తేలికపడిన అంకే నీ ధర. అమెరికాలో, యూరప్‌లో స్వయంఉపాధి మహిళలకు ఇలా బోధించే గురువులు చాలామంది ఉన్నారు. తెలుగు యూట్యూబ్‌లోనూ సంపదను ఆకర్షించే ధ్యానాలకు, అదృష్ట సంఖ్యలకు కరువు లేదు. వాట్సాప్‌లో చీరలు అమ్మే గృహిణి నుంచి ఇన్‌స్టాగ్రామ్‌లో బొటిక్ పెట్టిన ఇంజినీరింగ్ పట్టభద్రురాలి దాకా అందరి ఫోన్లలోకీ ఇవి చేరుతున్నాయి.

ఇందులో నిజం ఉంది. నష్టమూ ఉంది.

వేళ్లకు తెలిసింది, వేళ్లకు తెలియంది

అనుభవం పండిన నేతగాడు బట్ట అంచును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని ఇది ఎన్నో నంబరు నూలో చెప్పేస్తాడు. ఎలా తెలిసిందని అడిగితే చెప్పలేడు. నాడె శబ్దం మారితే పోగు తెగిందని చూడకుండానే గ్రహిస్తాడు. ఇది అంతర్‌బుద్ధి కాక మరేమిటి?

ఈ అంతర్‌బుద్ధిని ఎప్పుడు నమ్మవచ్చన్న ప్రశ్న మీద మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, గారీ క్లైన్ ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఒకరు దాన్ని అనుమానించేవారు, ఇంకొకరు మెచ్చుకునేవారు. చివరికి 2009లో ఇద్దరూ కలిసి ఒక వ్యాసం రాశారు. వాళ్లు తేల్చిన షరతులు రెండు. పని జరిగే తీరులో ఒక క్రమం ఉండాలి. చేసిన ప్రతిసారీ తప్పో ఒప్పో వెంటనే తెలియాలి. ఈ రెండూ ఉన్నచోట ఏళ్ల సాధనతో మనసుకు తోచేది నమ్మదగింది. లేనిచోట అది ఎంత గట్టిగా తోచినా నమ్మరాదు.

మంగళగిరి మగ్గానికి ఈ కొలత పెట్టి చూస్తే విషయం స్పష్టమవుతుంది. నేత విషయంలో నేతగాడికి రెండు షరతులూ నెరవేరాయి. పోగు తెగితే ఆ క్షణంలోనే తెలుస్తుంది. ధర విషయంలో రెండూ లేవు. తాను నేసిన చీర హైదరాబాదులోనో, బెంగళూరులోనో, విమానాశ్రయం దుకాణంలోనో ఎంతకు అమ్ముడైందో, కొన్నావిడ ఇంకో రెండు వందలు ఇచ్చేదో కాదో ఆయనకు చేరదు. ఇరవై ఏళ్లు నేసినా ధర గురించి ఆయన మనసుకు ఒక్క పాఠమూ అందలేదు. అలాంటి మనసును కళ్లు మూసుకుని అడిగితే ఏ అంకె చెబుతుంది? ఇంతకాలం విన్న అంకెనే చెబుతుంది. పాత మజూరీ దగ్గరే గుండె తేలికపడుతుంది.

కండెలు చుట్టే మనిషి సంగతి మరీ దారుణం. తన పనికి ధర ఉంటుందన్న మాటే వినని మనిషి ఎంత సేపు ధ్యానం చేస్తే అంకె తడుతుంది? ఆడవాళ్లు తమకు రావలసింది అడగడానికి మగవాళ్ల కంటే ఎక్కువ వెనకాడతారని లిండా బాబ్‌కాక్, సారా లాషెవర్ 2003లో అమెరికా అనుభవాలతో ఒక పుస్తకమే రాశారు. అక్కడి చదువుకున్న ఉద్యోగినుల సంగతే అలా ఉంటే మన గడప దగ్గర రాట్నం తిప్పే ఆవిడ సంగతి వేరే చెప్పాలా? ఆమెకు తేలిగ్గా తోచే అంకె సున్నా. అందుకే ‘మనసుకు హాయిగా ఉన్న ధరే సరైన ధర’ అనే బోధ పేదవాళ్ల చెవిన పడితే చెడుపే చేస్తుందని గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

అలాగని మౌనం పనికిరాదని కాదు. పదిహేను నిమిషాలు శ్వాస మీద దృష్టి నిలిపినవాళ్లు, ఇప్పటికే పోసిన డబ్బు పోతుందన్న బాధతో నష్టపు దారిలోనే కొనసాగే పొరపాటును తగ్గించుకున్నారని 2014లో ఆండ్రూ హాఫెన్‌బ్రాక్ బృందం ప్రయోగాలు చూపాయి. ధ్యానం ధర చెప్పదు. భయాన్ని పక్కకు జరుపుతుంది. ఆ పని కూడా చిన్నదేమీ కాదు.

పోతన నాగలి

ధర అడగడం పాపమన్న భావన మనలో ఎక్కడి నుంచి వచ్చింది? పద్మశాలీల పురాణ కథలో భావనారుషి తామరతూడుల నారతో దేవతలకు వస్త్రాలు నేశాడు. ఎంత పుచ్చుకున్నాడన్న ప్రస్తావన ఆ కథలో రాదు. తెలుగువాళ్లకు పూజ్యుడైన పోతన భాగవతాన్ని రాజుకు అంకితమివ్వనన్నాడని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. కొండవీటి రెడ్డిరాజుల కొలువులో విద్యాధికారిగా వెలిగిన శ్రీనాథుడు ఆఖరి దశలో కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లె గుత్తకు తీసుకుని, వరదకు పంట పోయి, శిస్తు కట్టలేక అవమానాల పాలయ్యాడనీ చెప్పుకుంటున్నాం. ఈ రెండు కథలూ కలిసి మన మనసుల్లో ఒక తీర్పు రాసేశాయి. ధర వద్దన్నవాడు మహాత్ముడు, ధర కట్టించుకున్నవాడు చెడ్డాడు.

ఒక్క విషయం మాత్రం మరిచిపోతుంటాం. ఆ కథలోనే పోతన హాలికుడు. ఆయనకు పొలం ఉంది, నాగలి ఉంది. కవిత్వానికి ధర వద్దనగలిగే స్వేచ్ఛను ఆ నాగలి ఇచ్చింది. మగ్గం గుంటలో కూర్చున్న మనిషికి మగ్గమే పొలం, మగ్గమే నాగలి. ఆయన్ను పోతనలా ఉండమనడం న్యాయం కాదు.

మంగళగిరికి దగ్గర్లోని అమరావతి మహాచైత్యం శిల్పాల్లో ఒక పూర్ణఘటం పలక ఉంది. దాన్ని చెక్కించి సమర్పించినవాడు విధికుడనే చర్మకారుడని శాసనం చెబుతోంది. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ల తరఫున కూడా ఆ దానం చేశాడు. దాదాపు రెండు వేల ఏళ్ల కింద ఈ కృష్ణా తీరంలో తోలుపని చేసుకునే మనిషికి ఇల్లు గడవగా సున్నపురాతి పలక దానం ఇవ్వగలిగినంత మిగిలింది! దానగుణం గురించి మాట్లాడేటప్పుడు ఆ మిగులు గురించీ మాట్లాడాలి. చేతిపని చేసేవాడి ధరలో దానమివ్వగలిగినంత మిగులు ఉండాలి. అది లేని ధర తక్కువ ధరే.

సాధనకూ ధరకూ నిజమైన ముడి వేసినవాళ్లు చరిత్రలో ఉన్నారు. పన్నెండో శతాబ్దపు కల్యాణ నగరంలో బసవేశ్వరుడి కాలపు శరణురాలు ఆయ్దక్కి లక్కమ్మ భర్త మారయ్య నేల మీద రాలిన బియ్యం ఏరుకొచ్చేవాడు. ఒకనాడు అవసరానికి మించి తెస్తే, ఎక్కడి నుంచి తెచ్చావో అక్కడే పోసి రమ్మని పంపిందామె. అవసరానికి మించిన ఫలం ఆమె పుచ్చుకోలేదు. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో క్వేకర్లనే క్రైస్తవ సాధకులు ఇంకో దారి పట్టారు. ఒక అంకె చెప్పి మరో అంకెకు ఇవ్వడం అబద్ధమాడడమేనని వాళ్ల గురువు జార్జ్ ఫాక్స్ బోధించాడు. దాంతో క్వేకర్ల దుకాణాల్లో బేరం పోయింది, ఒకే ధర నిలిచింది. చిన్నపిల్లను పంపినా మోసపోదన్న నమ్మకం కుదిరి వాళ్ల వ్యాపారమూ పెరిగింది. ఇవాళ మనం చూసే ‘ఒకే ధర’ బోర్డుకు మూలాల్లో ఒకటి ఒక ప్రార్థనా సమాజంలో ఉంది.

మనకు మరింత దగ్గరివాడు గాంధీ. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం దేశంలో ఇరవై లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానించింది. పింగళి వెంకయ్య జెండా నమూనా గాంధీ చేతికిచ్చిందీ అక్కడే. 1925లో అఖిల భారత చరఖా సంఘం ఏర్పడింది. పదేళ్లు తిరిగేసరికి గాంధీ మనసును ఒక విషయం పీడించడం మొదలుపెట్టింది. ఖద్దరు చవగ్గా దొరకాలన్న తాపత్రయంలో నూలు వడికే ఆడవాళ్లకు అన్యాయం చేస్తున్నామన్నదే ఆ బాధ. 1935లో ఆయన పట్టుబట్టారు. ఎనిమిది గంటల వడుకుపనికి ఎనిమిది అణాలు రావాలన్నారు. ఖద్దరు ధర పెరుగుతుంది, అమ్మకాలు పడిపోతాయి, ఉద్యమం దెబ్బతింటుందని సహచరులు మొరపెట్టుకున్నారు. ఆయన వెనక్కి తగ్గలేదు. సంఘం ఎనిమిది అణాల దాకా పోలేకపోయినా కనీస కూలీ అన్న నియమాన్ని ఒప్పుకుంది.

తన అంతర్వాణి గురించి అంతగా మాట్లాడిన మనిషి ఈ విషయంలో ఏం చేశారన్నది చూడాలి. రాట్నం ముందు కూర్చున్న మనిషి కడుపుకు ఎంత కావాలో లెక్క కట్టించారు. మనసు చెప్పింది అన్యాయం జరుగుతోందన్న సంగతి. ఎంత చెల్లించాలన్నది చెప్పింది లెక్క. ఈ రెంటి వరసా ఆయన తారుమారు చేయలేదు.

సగం సగం

మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో పదకొండు మంచాలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. అప్పటికే సర్కారీ కొలువు నుంచి రిటైరయ్యారు. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయాయి. అరవిందుల బోధనలే ఆయన ఊపిరి. ఆసుపత్రికి పెట్టిన పేరూ ఆ గురువుదే. ఉదయం ధ్యానం, డైరీలో ఆత్మపరిశీలన, తర్వాత శస్త్రచికిత్సలు. ఆ సాధనలోంచి వచ్చిన ధర విధానం ప్రపంచంలోని ఎన్నో వ్యాపార కళాశాలలు పాఠంగా చెప్పుకునేదైంది. డబ్బు చెల్లించి వైద్యం చేయించుకోవాలో, ఉచిత విభాగానికి వెళ్లాలో రోగే ఎంచుకుంటాడు. ఆదాయం రుజువులు అడగరు. చెల్లించేవాళ్ల డబ్బుతో చెల్లించలేనివాళ్ల కళ్లు వెలుగుతాయి. ఇది కళ్లు మూసుకుంటే నడిచే వ్యవహారం కాదు. ఒక్కో శస్త్రచికిత్సకు పట్టే నిమిషాలు, సూదులు, దారాలు అన్నిటికీ అక్కడ లెక్క ఉంది. విదేశాల నుంచి తెచ్చుకునే కంటి లెన్సు పేదవాడికి అందడం లేదని 1992లో సొంత తయారీ కేంద్రం ఆరోలాబ్ పెట్టి దాని ధరను నేలకు దించారు.

మన దగ్గర కృష్ణా జిల్లా మట్టిలోంచి వచ్చిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులో 1987లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిని నెలకొల్పారు. దాని శాఖ విజయవాడ పక్కనే తాడిగడపలో ఉంది. అక్కడి సేవల్లో సగానికి పైగా ఉచితంగానే అందుతున్నాయి. మంగళగిరి కొండ మీది సగం లెక్క కంటివైద్యంలోనూ పనిచేస్తోంది.

ఈ ‘సగం’ మహిమ ఒక ప్రయోగంలోనూ బయటపడింది. అమెరికాలోని ఒక వినోద పార్కులో లక్షకు పైగా సందర్శకులతో చేసిన అధ్యయనం 2010లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. సందర్శకుల ఫొటోలు అమ్ముతూ ‘మీకు తోచినంత ఇవ్వండి’ అంటే సగటున ఒక డాలరు కూడా రాలలేదు. ‘మీకు తోచినంత ఇవ్వండి, అందులో సగం సేవాసంస్థకు వెళుతుంది’ అన్నప్పుడు సగటు అయిదు డాలర్లు దాటింది. కొన్నవాళ్ల సంఖ్య తగ్గినా పార్కుకు మిగిలింది ఎక్కువే. ఒట్టి ‘మీ ఇష్టం’ అంటే మనుషులు తక్కువిస్తారు. తమ డబ్బు ఎక్కడికి వెళుతుందో తెలిస్తే గౌరవంగా ఇస్తారు. మన గోరింటాకు పెట్టే అమ్మాయికి ఇది పనికొచ్చే కబురు.

ఏలూరు దగ్గర విజయరాయిలో ధమ్మ విజయ అనే విపశ్యన కేంద్రం ఉంది. ఎస్.ఎన్. గోయెంకా సంప్రదాయంలో పది రోజుల శిబిరానికి రుసుము లేదు. ఇవ్వాలనుకున్నవాళ్లు శిబిరం పూర్తయ్యాకే ఇస్తారు, తర్వాత వచ్చేవాళ్ల కోసం. అద్భుతమైన పద్ధతి. అయితే దాన్ని నిలబెడుతున్నది వేలమంది పాత సాధకుల సమూహం. ఒంటరిగా మగ్గం మీద బతికే మనిషి అదే పద్ధతిని ఆదర్శంగా తీసుకుంటే వారం తిరగకుండా అప్పుల్లో పడతాడు. సంస్థకు చెల్లిన త్యాగం మనిషికి చెల్లదు.

ముందు పుస్తకం, తర్వాత పూజగది

ఇక పనిలోకి వద్దాం. ఒక సాదా చీర అనుకుందాం. లెక్క తీరు చూపడానికి వేస్తున్న అంకెలివి, ఎవరివి వాళ్లు మార్చుకోవాలి. నేతకు రెండు రోజులు. మనిషి రోజు కూలీ 600 చొప్పున 1,200 రూపాయలు. కండెలు చుట్టడానికి రెండు రోజుల్లో ఆరు గంటలు, అదే కూలీ లెక్కన 450. పడుగు సరిచేయడం, అచ్చు అతకడంలో ఈ చీర వాటా సగం రోజు, 300. మగ్గం మరమ్మతు, కరెంటు, వానాకాలంలో గుంటలోకి నీరూరి పని ఆగిపోయే రోజుల భారం కలిపి 150. మొత్తం 2,100. నూలు, రంగు, జరీ దీనికి అదనం.

ఇందులోంచి ఇంటావిడ పేరు కొట్టేస్తే 1,650. ఆ తేడా 450 ఎటు పోతోంది? చీర చవగ్గా దొరికిందని మురిసిపోయే మన బీరువాల్లోకి పోతోంది. ప్రతి చీరకూ ఒక ఇల్లాలి ముప్పావు రోజు కష్టాన్ని మనం ఉచితంగా కట్టుకుంటున్నాం.

లెక్క తేలాక మౌనానికి పని పడుతుంది. ఆ 2,100ను తెల్ల కాగితం మీద రాసి దీపం ముందు పెట్టుకుని కూర్చోవచ్చు. నరసింహుణ్ని తలుచుకోవచ్చు, నమాజు తర్వాత కూర్చోవచ్చు, ప్రార్థన చేసుకోవచ్చు, ఊరికే ఊపిరిని గమనించవచ్చు. ఆ అంకె పైకి చెప్పినప్పుడు గొంతు ఎక్కడ వణుకుతోందో చూసుకోవాలి. ‘ఇంత అడిగితే ఇంకెవరికో ఇస్తారేమో’ అన్న భయమైతే అది విని పక్కన పెట్టాల్సిన మాట. ‘ఈసారి అంచు పల్చగా వచ్చింది, ఇంత అడగడం తప్పు’ అని మనసు అంటే అది వినాల్సిన మాట. నేత గురించి మనసు చెప్పేది చాలావరకు నిజం, దానికి ఆ విద్య తెలుసు. మార్కెట్ గురించి చెప్పేది చాలావరకు పుకారు. రెంటికీ తేడా పట్టుకోవడమే ఇక్కడి సాధన. రోజూ కాసేపు నిశ్శబ్దంగా కూర్చునే అలవాటున్నవాళ్లకు అది తొందరగా పట్టుబడుతుంది.

తగ్గింపు సంగతీ ముందే ఆలోచించుకోవాలి. ఎవరికి తగ్గించాలి, ఎంత తగ్గించాలి, ఏడాదిలో ఎన్ని చీరలకు తగ్గించాలి అన్నది ఇంట్లో కూర్చుని నిర్ణయించుకుంటే అది దానం. ఎదుటివాళ్లు గద్దించినప్పుడు తగ్గిస్తే అది నష్టం. పేదింటి పెళ్లికూతురికి చీర సగం ధరకే ఇవ్వాలని ఎవరికైనా అనిపిస్తే ఆ మనసుకు నమస్కారం. ఆ సగం మాత్రం భార్య మజూరీలోంచి కోయకూడదు.

భక్తి పేరు చెప్పి ధర తగ్గించమనే కొనుగోలుదారులతో మరింత జాగ్రత్తగా ఉండాలి. ‘గుడికి ఇస్తున్నాం కదా, అమ్మవారి చీర కదా, పుణ్యం వస్తుంది కదా’ అంటారు. పుణ్యం ఇచ్చేవాడి జేబులోంచి రావాలి, నేసేవాడి కడుపులోంచి కాదు.

ఒంటరిగా ఎంత ధ్యానించినా దొరకనిది ఇంకొకటుంది. అది బేరమాడే బలం. నిడుబ్రోలుకు చెందిన ప్రగడ కోటయ్య జీవితమంతా చేనేత కార్మికుల్ని సంఘాలుగా కూర్చడానికి వెచ్చించింది అందుకే. ఒక్క నేతగాడు 2,100 అంటే మాస్టర్ వీవర్ పక్కింటికి వెళతాడు. వీధి వీధంతా 2,100 అంటే కూర్చుని మాట్లాడతాడు. కాబట్టి లెక్క కాగితం ఇంట్లో దాచుకునేది కాదు. పక్క మగ్గానికి చూపించాలి, సంఘం సమావేశంలో చదవాలి. అక్కడ కండెలు చుట్టేవాళ్లకూ కుర్చీ వేయాలి.

కొనేవాళ్లకు ఒక మాట. మంగళగిరి మెయిన్ బజారులో నచ్చిన చీర చేతిలోకి తీసుకున్నాక ‘ఎంత తగ్గిస్తారు?’ అనే ముందు ‘దీని నేతకు మజూరీ ఎంతిచ్చారు?’ అని అడగండి. దుకాణదారు మొదట ఆశ్చర్యపోతాడు. పదిమంది అడిగేసరికి జవాబు సిద్ధంగా పెట్టుకుంటాడు, వందమంది అడిగితే చీర మీద రాసిపెడతాడు. నేతింటివాళ్లకూ ఒక విన్నపం. వచ్చే శ్రావణంలో వరలక్ష్మి పూజకు కలశం నిలిపే లోపు ఖాతా పుస్తకంలో కొత్త గీత గీసి, కండెలు చుట్టే ఆవిడ పేరు, ఆమె రోజు మజూరీ అందులో రాయండి.